పతకం ఎవరిది? ఛాతీ ఎవరిది?

మా కాలనీలో ఆగస్టు పదిహేను అంటే కల్నల్ గారి పండగ. ఉదయం ఏడున్నరకల్లా తయారైపోయేవారు. నేవీ బ్లూ బ్లేజరు, గంజి పెట్టిన తెల్ల ప్యాంటు, అద్దంలా మెరిసే బూట్లు, మెలితిప్పిన మీసం. ఎడమవైపు ఛాతీ మీద రెండు వరసల మెడల్స్. ఆయన నడిచొస్తుంటే అవి గలగలమనేవి. ఆ చప్పుడు వింటే చాలు, పిల్లలు మెట్లు దిగి పరిగెత్తుకొచ్చేవాళ్లు. జెండా ఎగరేశాక పది నిమిషాల ప్రసంగం. అందులో ఒక ఏడు మంచుకొండలుండేవి, ఒక ఏడు ఎడారి ఉండేది. తూటా మాత్రం ప్రతి ఏడూ ఆయన చెవి పక్కనుంచే దూసుకుపోయేది. ఆ తర్వాత బూందీ లడ్డూ, చాక్లెట్లు.

నీళ్ల ట్యాంకరు తగాదా వచ్చినా, పార్కింగ్ గొడవ వచ్చినా తీర్పు ఆయనదే. సైన్యంలో చేరాలని ఉబలాటపడే కుర్రాళ్లకు కూడా ఆయనే దిక్కు. మా వీధి చివర ఇస్త్రీ బండి అతని కొడుకు రోజూ సాయంత్రం ఆయన వెనకే తిరుగుతుండేవాడు.

2010లో మా బ్లాకు రెండో అంతస్తులోకి ఒక కుటుంబం అద్దెకొచ్చింది. ఇంటాయన రిటైర్డ్ సుబేదార్. పశ్చిమ గోదావరి మనిషి. తాడేపల్లిగూడెం దగ్గర మాధవరం అని ఒక ఊరుంది కదా, తరతరాలుగా సైన్యానికి మనుషుల్ని పంపి మిలటరీ మాధవరం అని పేరు తెచ్చుకున్న ఊరు, దానికి దగ్గర్లోనే ఆయన స్వస్థలం. జెండా వందనానికి మామూలు గళ్ల చొక్కాతో వచ్చి వెనక వరసలో నిలబడ్డారు. ప్రసంగమంతా విన్నారు. లడ్డూ తీసుకున్నారు. ఇద్దరం కలిసి మెట్లెక్కుతుంటే మెల్లగా అడిగారు.

“కల్నల్ గారికి వయసెంత ఉంటుందండీ?”

“కిందటేడే షష్టిపూర్తి చేసుకున్నారండీ. కాలనీ అంతా భోజనానికి వెళ్లాం.”

“అంటే అరవై ఒకటి. ఆయన పెట్టుకున్నవాటిలో ఒకటి సమర్ సేవా స్టార్ అండీ. అరవై అయిదు యుద్ధానికి ఇచ్చింది.”

అంతే. ఇంకేమీ అనకుండా లోపలికి వెళ్లిపోయారు.

నేను మెట్ల మీదే లెక్క వేసుకున్నాను. కాగితం కూడా అక్కర్లేని లెక్క. 1965లో కల్నల్ గారికి పదహారేళ్లు. పరీక్షలకు చదువుకోవలసిన వయసు. పాపం, షష్టిపూర్తి అంత ఘనంగా చేసుకోకుండా ఉంటే నాకు ఆ లెక్క అందేది కాదు.

తర్వాత ఏం జరిగిందో చివర్లో చెబుతాను. ఆ రోజు నాకొచ్చిన సందేహం ముందు చెప్పాలి. ఆయన ఎవరి దగ్గరా పైసా తీసుకోలేదు. ఇంతకీ ఆయన దొంగిలించింది ఏమిటి? ఎవరిది? ఈ ప్రశ్న మీద ఒక దేశం చట్టం చేసింది, ఆ చట్టం కోర్టులో ఓడిపోయింది, మళ్లీ ఇంకో చట్టం చేసింది. ఆ దేశం అమెరికా.

కాలిపోయిన రికార్డుల సాకు

అమెరికాలో ఈ జబ్బుకు ఒక పేరుంది. స్టోలెన్ వాలర్. అంటే దొంగిలించిన పరాక్రమం. డాలస్‌లో స్టాక్ బ్రోకరుగా పనిచేసిన బి.జి. బర్కెట్ అనే ఆయన, పాత్రికేయురాలు గ్లెన్నా విట్లీతో కలిసి 1998లో ఇదే పేరుతో ఒక పుస్తకం రాశారు. బర్కెట్ స్వయంగా వియత్నాం యుద్ధానికి వెళ్లొచ్చిన మనిషి. 1980లలో టెక్సస్‌లో వియత్నాం వీరులకు స్మారకం కట్టాలని చందాలకు బయల్దేరితే చాలామంది మొహం చిట్లించారు. వియత్నాం నుంచి వచ్చినవాళ్లంటే తాగుబోతులు, మతి చలించినవాళ్లు అన్న అభిప్రాయం జనంలో అంతగా పాతుకుపోయింది. పత్రికల్లో, టీవీల్లో కనిపించే ‘వియత్నాం బాధితులు’ అలాగే ఉండేవారు మరి.

బర్కెట్‌కి అనుమానం వచ్చింది. అలా వార్తల్లోకెక్కినవాళ్ల సర్వీసు రికార్డుల కోసం సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తులు పెట్టడం మొదలుపెట్టారు. మనకు సమాచార హక్కు చట్టం 2005లో వచ్చింది గానీ వాళ్లకు 1960ల నుంచే ఉంది. రికార్డులు వచ్చాక చూస్తే కొందరు అసలు వియత్నాం గడ్డ మీద కాలే పెట్టలేదు. కొందరు సైన్యంలో చేరనే లేదు. కన్నీళ్లు పెట్టుకుంటూ చెప్పిన యుద్ధం కథలన్నీ కట్టుకథలే.

ఇలా దొరికినవాళ్లు చెప్పే సాకులు కూడా దాదాపు ఒకే అచ్చులో ఉంటాయి. మొదటిది, ‘మాది రహస్య దళం, అందుకే రికార్డుల్లో ఉండదు’. పని రహస్యమే కావచ్చు. జీతం రహస్యం కాదు కదా! నేవీ సీల్స్ లాంటి దళాల్లో కూడా శిక్షణ పూర్తిచేసినవాళ్ల పేర్ల పట్టిక భద్రంగా ఉంటుంది. 2011 మేలో బిన్ లాడెన్‌ను ఆ దళం హతమార్చాక ‘నేనూ సీల్‌నే’ అనేవాళ్లు పుట్టుకొస్తే, అసలు సీల్స్ ఆ పట్టికలు ముందు పెట్టుకుని ఒక్కొక్కరినీ బయటపెట్టారు.

రెండో సాకు ఇంకా తమాషాగా ఉంటుంది. ‘నా రికార్డులు అగ్నిప్రమాదంలో కాలిపోయాయి’. ఇందులో సగం నిజం ఉంది. సైనికుల సర్వీసు పత్రాలు దాచే సెయింట్ లూయిస్ కేంద్రంలో 1973 జులై 12న పెద్ద అగ్నిప్రమాదం జరిగింది. కోటీ అరవై లక్షలకు పైగా ఫైళ్లు బూడిదయ్యాయి. అయితే కాలిపోయిన ఆర్మీ ఫైళ్లు 1912 నుంచి 1960 దాకా సర్వీసు ముగించినవాళ్లవి. అమెరికా తన సైన్యాన్ని పెద్ద ఎత్తున వియత్నాం యుద్ధంలోకి దింపింది 1965లో. ఆ యుద్ధంలో పోరాడానని చెప్పే సైనికుడి కాగితం 1960కి ముందటి ఫైళ్లలో ఎలా కాలుతుంది? అబద్ధాలకోరుకు అగ్నిప్రమాదం గుర్తుంటుంది, తేదీలు గుర్తుండవు. మా కల్నల్ గారికి గుర్తులేనట్టే.

తరగతి గదిలో పుట్టిన చట్టం

కొలరాడో రాష్ట్రంలో ప్యూబ్లో అనే ఊరుంది. అమెరికాలో అత్యున్నత శౌర్య పతకం మెడల్ ఆఫ్ ఆనర్. మన పరమవీర చక్ర లాంటిది. అది ఆ ఒక్క ఊళ్లోనే నలుగురికి వచ్చింది. అందుకే దాన్ని వీరుల ఊరు అంటారు. ఆ ఊళ్లో డగ్ స్టెర్నర్ అనే వియత్నాం మాజీ సైనికుడు ఎవరికి ఏ పతకం ఎందుకొచ్చిందో ఏళ్ల తరబడి సేకరిస్తూ వచ్చారు. ప్రభుత్వం చేయని పని ఇంట్లో కూర్చుని చేశారన్నమాట. ఆయన భార్య పామ్ అక్కడి విశ్వవిద్యాలయంలో పెద్ద వయసులో చదువుకుంటూ తన క్లాసు కోసం ఒక వ్యాసం రాశారు. దొంగ పతకం పెట్టుకుంటే నేరం సరే, ‘నాకు ఆ పతకం వచ్చింది’ అని నోటితో చెప్పుకుంటే ఎందుకు నేరం కాకూడదు అన్నది అందులో విషయం. ఆ వ్యాసమే తిరిగి తిరిగి వాళ్ల పార్లమెంటు దాకా వెళ్లింది. 2006 డిసెంబరులో అధ్యక్షుడు బుష్ సంతకంతో చట్టమైంది. రాని పతకం వచ్చిందని చెప్పుకుంటే ఆరు నెలల దాకా జైలు. మెడల్ ఆఫ్ ఆనర్ అయితే ఏడాది దాకా.

ఏడాది తిరక్కుండానే ఒకాయన దొరికారు. కాలిఫోర్నియాలో ఒక నీటి సరఫరా బోర్డుకు ఎన్నికైన జేవియర్ అల్వారెజ్. 2007 జులైలో సమావేశంలో పరిచయాలప్పుడు లేచి, తాను పాతికేళ్లు మెరైన్‌గా పనిచేశానని, మెడల్ ఆఫ్ ఆనర్ వచ్చిందని చెప్పారు. అందులో ఒక్క ముక్క కూడా నిజం కాదు. సైన్యంలో ఒక్కరోజు పనిచేయలేదు. అంతకుముందు తాను పెద్ద హాకీ జట్టుకు ఆడానని, మెక్సికో సినిమా తారను పెళ్లాడానని కూడా చెప్పుకున్న మనిషి. కేసు పెట్టారు. అయిదు వేల డాలర్ల జరిమానా, మూడేళ్ల ప్రొబేషన్ పడ్డాయి.

ఆయన ఊరుకోలేదు. అబద్ధం ఆడటం నా వాక్ స్వాతంత్ర్యం అని పైకి వెళ్లారు. నవ్వొస్తుంది కదూ? వాళ్ల సుప్రీంకోర్టు మాత్రం నవ్వలేదు. 2012 జూన్ 28న తొమ్మిది మందిలో ఆరుగురు న్యాయమూర్తులు ఆ చట్టాన్ని కొట్టేశారు. అల్వారెజ్ మాటలు నీచమైన అబద్ధాలు కావని వాళ్లు అనలేదు. వట్టి అబద్ధానికి జైలు వేయడం మొదలుపెడితే ప్రభుత్వం చేతికి ఆ కొరడా ఎక్కడిదాకా వెళ్తుందో చెప్పలేం అన్నారు. అబద్ధానికి విరుగుడు నిజం చెప్పడమే, పతకాలు వచ్చినవాళ్ల జాబితా అందరికీ కనిపించేలా పెడితే సరిపోతుంది కదా అన్నది ప్రధాన తీర్పు సారాంశం. నెల తిరిగేసరికి రక్షణ శాఖ అలాంటి జాబితాను ప్రజల ముందుంచింది. స్టెర్నర్ ఎన్నాళ్లుగానో అడుగుతున్నది అదే.

2013 జూన్‌లో ఒబామా సంతకంతో కొత్త చట్టం వచ్చింది. ఈసారి జాగ్రత్తగా రాశారు. రాని పతకం పేరు చెప్పి డబ్బో ఆస్తో ఇంకో లాభమో సంపాదించాలని చూస్తేనే నేరం. ఊరికే గొప్పలు పోతే నేరం కాదు.

చట్టం అంతవరకే గీత గీసింది. గీతకు ఇవతల పడిపోయేవాళ్లు కూడా ఉంటారు. వాళ్ల సంగతికి వస్తాను.

అన్నీ ఉండి కూడా

ఏమీ లేనివాడు గొప్పలు చెప్పుకున్నాడంటే అర్థం చేసుకోవచ్చు. అన్నీ ఉన్నవాడు ఎందుకు చెబుతాడు? జోసెఫ్ ఎల్లిస్ అమెరికాలో పేరున్న చరిత్రకారుడు. 2001లో పులిట్జర్ బహుమతి అందుకున్నారు. ఆ బహుమతి వచ్చిన రెండు నెలలకే బోస్టన్ గ్లోబ్ పత్రిక ఆయన గుట్టు బయటపెట్టింది. తాను పారాట్రూపర్‌గా వియత్నాంలో పోరాడానని ఆయన ఏళ్ల తరబడి క్లాసులో విద్యార్థులకు చెబుతూ వచ్చారు. నిజానికి యుద్ధకాలంలో ఆయన సైనిక అకాడమీలో చరిత్ర పాఠాలు చెప్పారు. అది మాత్రం తక్కువ పనా? కానీ ఆయనకు తక్కువగానే అనిపించింది. తప్పయిందని ఒప్పుకున్నారు. కాలేజీ ఏడాదిపాటు జీతం లేకుండా సస్పెండ్ చేసింది.

బ్రిటన్‌లో ఇలాంటివాళ్లను మాజీ సైనికులు ‘వాల్ట్’ అంటారు. జేమ్స్ థర్బర్ 1939లో రాసిన ఒక కథలో వాల్టర్ మిట్టీ అనే పాత్ర ఉంటుంది. భార్యను బజారుకు తీసుకెళుతూ, కారు నడుపుతూనే తనను తాను మహావీరుడిగా ఊహించుకునే మామూలు మనిషి. మిట్టీ కలలు మిట్టీ బుర్రలోనే ఉండిపోయాయి కాబట్టి ఎవరికీ నష్టం లేదు. మనలో మిట్టీ లేనివాళ్లెవరు? కల బ్లేజరు ఎక్కినప్పుడే చిక్కు.

ఒక అడ్మిరల్ మరణం

దొంగను పట్టుకోవడంలో ఒక ఆనందం ఉంటుంది. అది ప్రమాదకరమైన ఆనందం. 1996లో అమెరికా నౌకాదళాధిపతి అడ్మిరల్ జెరెమీ బూర్డా. మామూలు నావికుడిగా చేరి, మెట్టు మెట్టు ఎక్కి ఆ కుర్చీలో కూర్చున్న మొదటి మనిషి. వియత్నాంలో నిజంగా పనిచేశారు. ఆయన రిబ్బన్ల మీద ‘వి’ అనే రెండు చిన్న కంచు అక్షరాలుండేవి. శత్రువుతో పోరాటంలో సంపాదించిన గౌరవం అని వాటి అర్థం. వాటికి ఆయన అర్హుడా కాదా అని ఒక వారపత్రిక ఆరా తీసింది. అప్పటికి ఏడాది ముందే ఆయన వాటిని తీసేశారు కూడా. మే 16న విలేకరులు వచ్చి అడగాల్సి ఉంది. వాళ్లు వచ్చేలోగానే ఆయన ప్రాణం తీసుకున్నారు. 

ఆ తర్వాత, వియత్నాం కాలంలో నౌకాదళానికి అధిపతిగా ఉన్న అడ్మిరల్ జుమ్వాల్ట్ ఒక ఉత్తరం రాశారు. ఆ రోజుల్లో అవి పెట్టుకునేందుకు నోటిమాటగా అనుమతి ఉండేదని, బూర్డా పెట్టుకోవడంలో తప్పులేదని. ఆ ఉత్తరాన్ని 1998లో ఆయన ఫైల్లో చేర్చారు. కాగితం మీద నిబంధన ఒకటి చెబుతుంది, నోటిమాట ఇంకోటి చెబుతుంది. వేలెడంత కూడా లేని రెండు అక్షరాలు. పోయిన మనిషి తిరిగి రాలేదు.

అందుకే చెబుతున్నాను. సలాం కొట్టేముందు ఒకసారి సరిచూసుకోవాలి. ఉమ్మేసేముందు రెండుసార్లు సరిచూసుకోవాలి.

మన దగ్గర సంగతేమిటి?

మన దేశంలో ఇది కొత్త నేరమేం కాదు. సైనికుడు కానివాడు సైనికుడిగా నమ్మించడానికి ఆ దుస్తులో గుర్తులో ధరిస్తే శిక్ష అని 1860 నాటి శిక్షాస్మృతిలోనే 140వ సెక్షన్ ఉండేది. మూడు నెలల దాకా జైలు, లేదా అయిదు వందల దాకా జరిమానా, లేదా రెండూ. 2024 జులై 1 నుంచి భారతీయ న్యాయ సంహిత అమల్లోకి వచ్చాక అది 168వ సెక్షన్ అయింది. జైలు అంతే. జరిమానా మాత్రం రెండు వేలు చేశారు. కొత్త డిజైను పోరాట దుస్తులను 2022లో ఆర్మీ దినోత్సవం నాడు బయటపెట్టిన సైన్యం, బజార్లో ఎవరుపడితే వాళ్లు కుట్టి అమ్మకుండా అదే ఏడాది ఆ డిజైనుపై హక్కులు కూడా రిజిస్టర్ చేయించింది.

డబ్బు కోసం యూనిఫాం వాడుకునేవాళ్లు మన ఇళ్లదాకా ఎప్పుడో వచ్చేశారు. ఆన్‌లైన్లో సెకండ్ హ్యాండ్ బైకు చౌకగా కనిపిస్తుంది. ఫోన్ చేస్తే ‘నేను ఆర్మీలో ఉన్నాను సార్, ట్రాన్స్‌ఫర్ అయింది, అందుకే అమ్మేస్తున్నాను’ అంటాడు. యూనిఫాంలో ఫోటో, గుర్తింపు కార్డు, క్యాంటీన్ కార్డు అన్నీ పంపిస్తాడు. అవన్నీ ఏ అమాయక జవానువో. రవాణా ఖర్చులకు కొంత ముందు పంపమంటాడు. లేదా మన పాత సోఫా కొంటానని చెప్పి, డబ్బు పంపడానికి క్యూఆర్ కోడ్ స్కాన్ చేయమంటాడు. హైదరాబాద్ పోలీసులు ఎన్నోసార్లు హెచ్చరించారు. ఒక్కటి గుర్తుపెట్టుకోండి. డబ్బు మనకు రావడానికి మనం కోడ్ స్కాన్ చేయక్కర్లేదు, పిన్ నొక్కక్కర్లేదు.

శౌర్య పతకాల సంగతి తెలుసుకోవడం ఇప్పుడు కష్టం కాదు. పరమవీర చక్ర 1947 నుంచి 1999 కార్గిల్ దాకా వచ్చింది 21 మందికే. పేర్లన్నీ పిల్లల పుస్తకాల్లోనే ఉంటాయి. మహావీర చక్ర, వీర చక్ర, అశోక చక్ర లాంటివన్నీ గెజిట్‌లో ప్రకటిస్తారు. రక్షణ శాఖ వాటి వివరాలను ఆన్‌లైన్లో పెట్టింది. గల్వాన్‌లో 2020 జూన్‌లో అమరుడైన మన సూర్యాపేట బిడ్డ కల్నల్ సంతోష్‌బాబు పేరు మహావీర చక్ర జాబితాలో కనిపిస్తుంది. మాజీ సైనికుడినని చెప్పుకునేవారి వివరాలపై సందేహముంటే జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయాలు ఉన్నాయి.

అన్నిటికంటే తేలిక పద్ధతి ఒకటుంది. ‘మీది ఏ రెజిమెంటండీ?’ అని అడగడం. నిజమైన సైనికుడికి అంతకంటే ఇష్టమైన ప్రశ్న ఉండదు. రెజిమెంటు పేరు, మొదటి పోస్టింగు, తిట్టిన హవల్దారు, తిన్న పూరీ కూర, అన్నీ చెబుతాడు. యుద్ధం గురించి మాత్రం గుచ్చి గుచ్చి అడిగితే తప్ప చెప్పడు. నకిలీ సైనికుడి వరస తిరగేసి ఉంటుంది. యుద్ధంతో మొదలుపెడతాడు, రెజిమెంటు అడిగితే మాట మారుస్తాడు.

అలాగని ర్యాంకు చెప్పుకున్న ప్రతివారినీ అనుమానించకండి. మా కాలేజీలో తెలుగు చెప్పిన మాస్టారిని అందరూ మేజర్ గారు అనేవాళ్లు. అది దొంగ ర్యాంకు కాదు. ఎన్‌సీసీ చూసే అధ్యాపకులకు లెఫ్టినెంట్, కెప్టెన్, మేజర్ హోదాలుంటాయి. జవానుగా చేరి సుబేదార్ మేజర్ దాకా ఎదిగినవారిలో కొందరికి గౌరవ కెప్టెన్ హోదా ఇస్తారు. వాళ్లను కెప్టెన్ గారు అనడం న్యాయమే. క్రికెటర్ ధోనీకి 2011లో టెరిటోరియల్ ఆర్మీలో గౌరవ లెఫ్టినెంట్ కల్నల్ హోదా ఇచ్చారు. బ్రిటన్, ఆస్ట్రేలియాల్లో పోయిన తండ్రి, తాతల పతకాలను కుడివైపు ఛాతీ మీద పెట్టుకునే సంప్రదాయం ఉంది. అది దొంగతనం కాదు, తర్పణం.

ఇంకో మాట. రికార్డు కూడా ఒక్కోసారి తడబడుతుంది. టైగర్ హిల్ మీద పోరాడిన యోగేంద్ర సింగ్ యాదవ్‌కు పరమవీర చక్ర మరణానంతరం అని ప్రకటించారు. తీరా చూస్తే పందొమ్మిదేళ్ల ఆ కుర్రాడు ఒంటినిండా తూటా గాయాలతో ఆసుపత్రిలో కోలుకుంటున్నాడు. పోయింది అదే పేరున్న ఇంకో సైనికుడు. తప్పు తెలియగానే దిద్దుకున్నారు. కాగితానికి ఉన్న గొప్ప గుణం అదే. దిద్దుకుంటుంది.

బట్టలు లేకుండా ఇస్త్రీ బండి దగ్గర

ఇక మా కల్నల్ గారి సంగతి. నా నోట్లో నువ్వుగింజ నానలేదు. కాలనీ సెక్రటరీ గారి చెవిన వేశాను. ఆయన తెలిసినవాళ్ల ద్వారా వాకబు చేయించారు. తేలిందేమిటంటే, ఆయన సైన్యానికి సంబంధించిన మనిషే. ఒక డిపోలో సివిలియన్ గుమాస్తాగా పాతికేళ్లకు పైగా పనిచేసి రిటైరయ్యారు. తుపాకీ ఎప్పుడూ ఆయన చేతికి రాలేదు. తుపాకుల లెక్క రాసే పుస్తకం వచ్చింది.

కాలనీ కుర్రాళ్లు మండిపడ్డారు. జనవరి 26న స్టేజీ మీదే నిలదీద్దామన్నారు. ఒకడు సెల్‌ఫోన్లో వీడియో తీస్తానన్నాడు. సుబేదార్ గారు వద్దన్నారు.

“ఆయన మనవలు ముందు వరసలో కూర్చుంటారండీ.”

“పోనీలెండి, వదిలేద్దాం. మన దగ్గర పైసా తీసుకున్నది లేదు కదా” అన్నాను నేను.

సుబేదార్ గారు నావైపు అదోలా చూశారు. “మన దగ్గర తీసుకోలేదండీ. ఇస్త్రీ బండి అబ్బాయి దగ్గర తీసుకున్నాడు. ఏడాది.”

అప్పుడు చెప్పారు. ఆ అబ్బాయి కిందటి ఏడు ఆర్మీ రిక్రూట్‌మెంట్ ర్యాలీకి వెళ్లాలని బయల్దేరితే కల్నల్ గారు ఆపారట. ఇప్పుడొద్దు, వచ్చేసారికి పైవాళ్లతో నేను మాట్లాడి పెట్టిస్తాను అన్నారట. వాడు నమ్మాడు. మళ్లీ ర్యాలీ వచ్చేసరికి వాడికి ఇరవై ఒకటి దాటింది. జవానుగా చేరడానికి అప్పట్లో వయసు పరిమితి అంతే. “పరుగు పందేనికి సిఫార్సు ఏమిటండీ?” అన్నారు సుబేదార్ గారు. ఆయన గొంతులో కోపం నేను విన్నది ఆ ఒక్కసారే.

ఇద్దరం కల్నల్ గారింటికి వెళ్లాం. ఆవిడ కాఫీ తెచ్చి, “మావారికి మిలటరీవాళ్లంటే ప్రాణం” అని నవ్వుతూ లోపలికి వెళ్లింది. సుబేదార్ గారు పతకాల మాట ఎత్తలేదు. ఏ యుద్ధమని అడగలేదు. “ఆ అబ్బాయికి మీరే చెప్పండి సార్. మేం చెబితే బాగుండదు” అన్నారు. అంతే.

ఆయన కాదనలేదు. చాలాసేపు కాఫీ వైపే చూస్తూ కూర్చున్నారు. చివరికి, “మొదట వాళ్లే కల్నల్ గారూ అన్నారండీ. మీసం చూసి. కాదని చెప్పలేకపోయాను” అన్నారు.

‘వాళ్లు’ అంటే మేమే. చప్పట్లు కొట్టినవాళ్లం మేమే. ఏళ్ల తరబడి ఆ తూటా కథ విన్నవాళ్లం. ఏ రెజిమెంటండీ అని ఒక్కరం అడగలేదు. ఒక్కరం అడిగి ఉంటే ఆ అబ్బాయి ర్యాలీకి వెళ్లేవాడు. నెగ్గేవాడో లేదో తెలియదు. పరుగెత్తేవాడు. అమెరికా చట్టం ఆయన్ని ముట్టుకోదు. డబ్బు తీసుకోలేదు, ఆస్తి తీసుకోలేదు. ఒక కుర్రాడి ఏడాదిని ఏ సెక్షన్ కింద రాస్తారు? అక్కడ కోర్టులకు పని లేదు. సకాలంలో ఒక ప్రశ్న వేయాల్సిన మనకే పని.

ఆ తర్వాతి ఆదివారం పొద్దున్న పాలప్యాకెట్టుకు వెళ్తూ చూశాను. ఇస్త్రీ బండి దగ్గర ఆయన నిలబడి ఉన్నారు. చేతిలో బట్టలేవీ లేవు. ఆ అబ్బాయి తలవంచుకుని ఇస్త్రీ చేస్తూనే ఉన్నాడు. కాసేపటికి పెట్టె పక్కన పెట్టేశాడు. వాళ్లేం మాట్లాడుకున్నారో నాకు తెలియదు. నేను ఆగలేదు. ఆ అబ్బాయి ఇప్పుడు ఒక కొరియర్ ఆఫీసులో పనిచేస్తున్నాడు. కనిపిస్తే నవ్వుతాడు. ఆ సంగతి ఎప్పుడూ ఎత్తడు.

ఆ జనవరిలో ఆయన ఊళ్లో లేరు. ఆగస్టు పదిహేనుకు వచ్చారు. తెల్ల చొక్కా వేసుకుని మూడో వరసలో, సుబేదార్ గారి పక్కన నిలబడ్డారు. జెండా ఆ ఏడు మా వాచ్‌మన్ ఎగరేశాడు. ఒక చిన్నపిల్ల లడ్డూ తింటూ ఆయన దగ్గరికెళ్లి, “కల్నల్ తాతా, మెడల్స్ ఏవి?” అంది.

“ఇచ్చేశానమ్మా” అన్నారాయన.